ఆగిపోయే బండి

కొల్లేటి గట్టు మీద, అటొక చెరువు ఇటొక చెరువు, మధ్యలో కదలని బండి పక్కన గీతాంజలి వానలో రెండు గంటలు నిలబడ్డ మంగళవారం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఆమె నీళ్ళు పరీక్ష చెయ్యాల్సిన మూడు చేపల చెరువులూ అలాగే ఉండిపోయాయి. బుధవారం భోజనాల దగ్గర మామగారు ఉమామహేశ్వరరావు పెరుగన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా అన్న మాట కూడా మనం విన్నాం.

"నల్లజర్ల వెంకట్రాజు మన బండి తీసుకుంటానన్నాడమ్మా. శుక్రవారం వస్తువు గడప దాటించం కదా, అందుకని రేపే రమ్మన్నాను. రాహుకాలం వెళ్ళాక, నాలుగింటికి. నువ్వింక కొట్లో కూర్చో తల్లీ. నీడపట్టున ఉంటావు."

తాడేపల్లిగూడెంలో వాళ్ళది చేపల చెరువులకు కావలసిన సరుకుల కొట్టు. సున్నం, మేత, మందులు. కోడలు గీతాంజలి బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. భర్త శ్రీనాథ్ కొత్త బండి కొనుక్కుని మూల పడేసిన పాత బండి తీసుకుని, వారానికి మూడు రోజులు గణపవరం నుంచి పెదపాడు దాకా చెరువులు తిరుగుతూ, నీళ్ళు పరీక్ష చేసి, ఏ చెరువులో ఏది ఎంత వెయ్యాలో రైతులకు చెబుతోంది. ఇది మొదలుపెట్టి ఏడాదిన్నర. మొదట్లో "ఆడమనిషికి నీళ్ళ సంగతి ఏం తెలుసు?" అన్నవాళ్ళే ఇప్పుడు గట్టు మీద దూరంగా బండి కనబడితే "నీళ్ళ మేడంగారొచ్చారు, సీసాలు పట్రండి" అని కేకేస్తున్నారు. కొట్లో కూర్చోవడం ఆమెకు నామోషీ ఏమీ కాదు. కానీ బండి పోతే ఆ కేక పోతుంది. అదొక్కటే ఆమె తట్టుకోలేకపోయింది.

శ్రీనాథ్‌ని అడిగితే, "నాన్న మాటిచ్చేశాక నేనేం చెప్పను, నీ ఇష్టం" అన్నాడు. మాట నాన్నదైతే ఇష్టం తనదెలా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. గురువారం పొద్దున్నే లేచి అతను సరుకు పనని ఏలూరు వెళ్ళిపోయాడు.

ఎనిమిదింటికల్లా వంట ముగించి, గీతాంజలి మామగారి ముందు నిలబడింది.

"మావయ్యగారూ, నాలుగింటిలోపు బండి ఒకసారి చూపించుకొస్తానండీ."

"నలుగురు మెకానిక్కులు చూశారు కదమ్మా."

"ఐదో ఆయనకి చూపిస్తానండీ."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నాలుగంటే నాలుగు" అన్నాడు.

వాకిట్లో అత్తగారు వెంకటరమణమ్మ అరటికాయలు తరుగుతోంది. "వెళ్ళు, వెళ్ళు. ఆ మాయదారి బండి నిన్ను ఏ గట్టు మీద వదిలేస్తుందో, ఆ గొడుగన్నా పట్టుకెళ్ళు" అంది. ఈ ఏడాదిన్నరలో ఆమె ఆ బండిని తిట్టని రోజు లేదు.

* * *

ప్రభుదాసు గణపవరంలో నలభై ఏళ్ళు మెకానిక్కు. ఇప్పుడు షెడ్డు మూసేసి ఇంటిపట్టునే ఉంటున్నాడని ఒక చెరువు రైతు చెబితే వెతుక్కుంటూ వచ్చింది. దారిలో బండి ఒకసారి ఆగింది కూడా. తీరా వస్తే ఆయన రేకుల పంచలో కుర్చీలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"శుక్లాల ఆపరేషనై ఎనిమిది రోజులమ్మా. వంగొద్దన్నారు. పెట్రోలు చెయ్యి కంటికి తగలొద్దన్నారు. మరి రోజంతా ఏం చెయ్యాలో మాత్రం ఆ డాక్టరుగారు చెప్పలేదు."

గీతాంజలి మొహం వాడిపోయింది. "అయితే కుదరదాండీ?"

"నోరు బానే ఉంది కదమ్మా. చేతులు మీవి పెట్టండి. ఏంటి సంగతి?"

ఆమె చెప్పింది. మొదటాయన ప్లగ్గు మార్చాడు. రెండో ఆయన కార్బురేటరు విప్పి కడిగాడు. మూడో ఆయన కాయిల్ మార్చి, ఇంకోసారి కార్బురేటరు కడిగాడు. నాలుగో ఆయన పెట్రోలు పైపూ ఫిల్టరూ కొత్తవి వేసి, ఇంక అమ్ముకోండి మేడం అన్నాడు.

"ఆగినప్పుడు, ఆగిన చోట, ఎవరన్నా చూశారా?"

"లేదండీ. షెడ్డుకి తీసుకెళ్ళేసరికి శుభ్రంగా నడుస్తుంది."

"రోగి ఇంట్లో మూలుగుతుంటే ఆస్పత్రిలో కూర్చుని 'బానే ఉన్నావు పో' అన్నట్టుంది. ఆగే ముందు ఎలా ఉంటుందమ్మా? ఠక్కున ఆగిపోతుందా, గునుస్తుందా?"

"గునుస్తుందండీ. దగ్గొచ్చినట్టు రెండు మూడుసార్లు కుదిపి, అప్పుడాగుతుంది. ఓ పది నిమిషాలు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది."

"కరెంటు రోగమైతే ఠక్కున పోయేది. ఇది ఆకలి రోగం. పెట్రోలు అందట్లేదు." ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎన్ని కిలోమీటర్లకి ఆగుతుందో కొంచెం గుర్తుందా?"

గీతాంజలి సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. ముందు పేజీల్లో చెరువుల నీళ్ళ వివరాలు. వెనక పేజీల్లో బండి ఆగిన ప్రతిసారీ రాసుకున్నవి: తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలు ఎంత. చెరువుకి రాసినట్టే బండికీ రాసింది. ఇంతవరకూ ఏ మెకానిక్కూ ఆ పేజీలు అడగలేదు.

ప్రభుదాసు చదివించుకుని విన్నాడు. "ఆ పెట్రోలు సంగతి మళ్ళీ చదవండి."

"ట్యాంకు నిండా కొట్టించిన రోజు, తొమ్మిది కిలోమీటర్లకి. ఇంకోసారి నిండా, ఎనిమిదికి. సగం ట్యాంకు, ఇరవై రెండుకి. అడుగంటినప్పుడు..." ఆమె చదువుతూ ఆగిపోయింది. "అడుగంటినప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదండీ."

"తిండి ఎక్కువున్నప్పుడే ఆకలి వేస్తోంది దీనికి. బంకుకి పదండి. నేనూ వస్తా."

"దుమ్ము తగలకూడదేమోనండీ!"

"తువ్వాలుంది" అని, ఆయన మొహమంతా చుట్టేసుకుని, పైన నల్లద్దాలు పెట్టుకుని వెనక సీటెక్కాడు. బంకులో పెట్రోలు పోసే అతను ఆ వేషం చూసి ఒక్క క్షణం పైపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ట్యాంకు అంచుదాకా నింపి కొల్లేటి వైపు తోలుకుంటూ వెళ్ళారు. రోడ్డుకి రెండు వైపులా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎనిమిది కిలోమీటర్లు దాటాక బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. గీతాంజలి పక్కకి తీసేసరికి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ బండి ఆగితే ఏడుపొచ్చేది. ఇవాళ మాత్రం, సరిగ్గా అనుకున్న చోట ఆగినందుకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు పది నిమిషాలు ఆగొద్దు. ట్యాంకు మూత తియ్యండి. తీసేటప్పుడు చెవి దగ్గరగా పెట్టండి."

ఆమె తాళం తిప్పి మూత ఎత్తింది. ఉస్స్‌మని గాలి లోపలికి పోయింది. గోళీ సోడా కొట్టినప్పుడు గాలి బయటికి ఎలా వస్తుందో, అలా లోపలికి.

"కొట్టండి కిక్కు."

ఒక్క కిక్కుకి ఇంజను అందుకుంది.

"వంటింట్లో చూసుంటారు కదమ్మా. నూనె డబ్బాకి ఎన్ని బెజ్జాలు కొడతారు?"

"రెండండీ. ఒకటి నూనె పోసుకోవడానికి, ఇంకోటి ఎదురుమూల, గాలి..." ఆమె చూపు ట్యాంకు మూత మీదికి పోయింది. "గాలికండీ."

"రెండో బెజ్జం లేకపోతే?"

"కాస్త పోసి బిగబట్టుకుంటుంది. నూనె దిగదు."

"అదే. పెట్రోలు కిందికి పోతున్నకొద్దీ పైన గాలి లోపలికి రావాలి. అది రావట్లేదు. నిండా ఉంటే లోపల గాలికి చోటే తక్కువ కాబట్టి ఇంకా తొందరగా బిగబట్టుకుంటోంది. నలుగురూ ట్యాంకు కింద వెతికారు, పైన ఎవరూ చూడలేదు. మూత మీద, తాళంచెవి దూరే చోటుకి పక్కన, ఆవగింజంత బెజ్జం ఉండాలి. చూడండి, నాకు కనబడదు."

ఆమె చూసింది. బెజ్జం ఆమెకూ కనబడలేదు. అది ఉండాల్సిన చోట అర్ధరూపాయి బిళ్ళంత మేర గంధం బొట్టుంది. ఎండి, గట్టిపడి, పొర మీద పొరగా లేచిన గంధం. దాని మీద కుంకుమ.

"ఏముందమ్మా?"

"బొట్టండీ" అంది గీతాంజలి, మెల్లిగా. "మా అత్తగారు ప్రతి శుక్రవారం పెడతారు. హెడ్‌లైటు మీద పెడితే వానకి కొట్టుకుపోతోందని మూత మీద పెట్టడం మొదలుపెట్టారు. పెట్టిన బొట్టు తుడవకూడదని... బండి కడిగినప్పుడు కూడా నేను దాని చుట్టూ తుడిచేదాన్నండీ."

ప్రభుదాసు నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. "నలుగురు మెకానిక్కులూ ఈ మూత పదేసిసార్లు తీసుంటారు. దేవుడి బొట్టని ఎవరూ గోరు పెట్టలేదు. నేనైనా పెట్టను. మీ ఇంటి బొట్టు, మీ చేత్తో మీరే తియ్యండి."

మూత వదులుగా పెట్టుకుని వెనక్కొచ్చారు. తొమ్మిది కిలోమీటర్లూ బండి ఒక్కసారి దగ్గలేదు. ప్రభుదాసు ఇంట్లో వేణ్ణీళ్ళు అడిగి, గుడ్డ తడిపి, గీతాంజలి ఆ బొట్టుని నానబెట్టింది. చేతి గాజుకున్న పిన్నీసు తీసి అంచులు లేపింది. ఒక పొర ఊడితే కింద ఇంకో పొర. పసుపు రంగు, దాని కింద ఎరుపు, మళ్ళీ పసుపు. ఏడాదిన్నర శుక్రవారాలు. పొద్దున స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వెండి గిన్నెలో గంధం తీసుకుని, బండి మీదికి వంగుతున్న అత్తగారు ఆమె కళ్ళ ముందు మెదిలింది. కొడుకు బండి కాబట్టి పెడుతోందని అనుకుంది ఇన్నాళ్ళూ. కానీ కొడుకు నడిపిన రోజుల్లో ఈ మూత మీద బొట్టు ఉండేది కాదు. తను తొలిసారి గట్టు మీదికి వెళ్ళిన వారం నుంచే మొదలైంది. నోటితో రోజూ తిట్టి, వారానికోసారి చేత్తో దణ్ణం పెట్టుకుందన్నమాట.

అడుగున చిన్న బెజ్జం బయటపడింది. పిన్నీసుతో మెల్లిగా తిప్పి, మూత కడిగి ఆరబెట్టి, నోటితో ఊదింది. గాలి అవతలికి పోయింది.

ఊడిన గంధం పెచ్చుల్ని ప్రభుదాసు ఒక కాగితంలో పొట్లం కట్టించాడు. "చెత్తలో వెయ్యకండమ్మా. ఏదన్నా మొక్క మొదట్లో వేసుకోండి."

* * *

గూడెం దాకా పదిహేను కిలోమీటర్లూ బండి హాయిగా నడిచింది. గీతాంజలికే ఊపిరాడలేదు. కొట్టు ముందు మామగారు, వెంకట్రాజు, పక్క కొట్ల వాళ్ళు ఉంటారు. అందరి ముందూ ఏం చెప్పాలి? మీ ఆవిడ బొట్టు వల్లే బండి పాడైందనా?

మూడుంపావుకల్లా వెంకట్రాజు వచ్చి కూర్చున్నాడట. రెండో గ్లాసు మజ్జిగ చేతిలో ఉంది.

"ఏమన్నాడమ్మా మీ ఐదో డాక్టరు?" అన్నాడు ఉమామహేశ్వరరావు.

"బాగైందండీ మావయ్యగారూ. ట్యాంకులోకి గాలి ఆడట్లేదండీ. ఇప్పుడు ఆడుతోంది."

"ఎందుకు ఆడలేదు?"

"మూత మీద బెజ్జంలో... ఏదో పేరుకుపోయిందండీ."

"ఏదో అంటే?"

ఆమె సంచీలోని పొట్లాన్ని ఇంకా అడుక్కి తోసింది.

"చూడమ్మా. చెరువులో చేప పైకొస్తే కారణం తెలిసేదాకా మందు వెయ్యొద్దని రైతులకి చెప్పేది నువ్వే. కారణం చెప్పలేనిదాన్ని బాగైందని నేనెలా నమ్మేది? రేపు మళ్ళీ గట్టు మీద ఆగదని ఏంటి?"

అదే సమయానికి వెంకటరమణమ్మ కొట్టు వెనకున్న ఇంట్లోంచి వెండి గిన్నెతో వచ్చింది. ఇంటి వస్తువు పరాయి గడపకి వెళ్తోంది, ఆఖరిసారి బొట్టు పెట్టి పంపాలి. ఉంగరం వేలు గంధంలో ముంచి, నేరుగా ట్యాంకు మూత మీదికి చెయ్యి చాచింది.

గీతాంజలి అరచేత్తో మూత కప్పేసింది. "అక్కడొద్దండీ, అత్తయ్యగారూ."

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె అత్తగారి చేతికి అడ్డం పెట్టడం అదే మొదలు. వెంకటరమణమ్మ కోడలి చెయ్యి పక్కకి తీసి మూతకేసి చూసింది. "నా బొట్టేదే?"

"దాచానండీ" అంటూ గీతాంజలి పొట్లం ఇచ్చింది.

ఆమె విప్పి పెచ్చులు చూసింది. మూత చూసింది. పక్కనున్న చిన్న బెజ్జం చూసింది. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో నూనె డబ్బాలకు బెజ్జాలు కొట్టిన మనిషి. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఏవండీ" అంది మొగుడి వైపు తిరిగి. "ఆ పేరుకుపోయింది నా గంధమండి. నేనే మూసేశాను, శుక్రవారం శుక్రవారం. ఈ పిల్ల నా పేరు చెప్పలేక నీళ్ళు నములుతోంది."

వెంకట్రాజుకి మజ్జిగ పొలమారింది. ఉమామహేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "సరే, అయిందేదో అయింది. కానీ ఇంతదూరం రప్పించి, మాటిచ్చి..."

"పాడైన బండి అమ్ముతానని మాటిచ్చారు. ఇది పాడైన బండి కాదుగా? ఒక పని చేస్తాను. నేను వెనక కూర్చుంటాను, అది ఇరవై నిమిషాలు తిప్పుకొస్తుంది. ఆగిందా, వెంకట్రాజు తోలుకుపోతాడు. ఆగలేదా, ఇంకో గ్లాసు మజ్జిగ తాగి వెళ్తాడు."

"ఇప్పటికే రెండయ్యాయండి పిన్నిగారూ" అన్నాడు వెంకట్రాజు దీనంగా.

హెడ్‌లైటు అంచున బొట్టు పెట్టి, గిన్నె గల్లాపెట్టె మీద పెట్టి, వెంకటరమణమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని బండెక్కింది. అరవై రెండేళ్ళకి బండెక్కడం అదే మొదలు. కోడలి రెండు భుజాలూ పట్టుకుంది, పిచ్చుకని పట్టుకున్నట్టు కాదు, బావి తాడు పట్టుకున్నట్టు.

గీతాంజలి ముందు బంకుకి వెళ్ళి మళ్ళీ అంచుదాకా నింపించింది.

"ఉన్నది చాలదుటే?"

"నిండా ఉంటేనే తొందరగా ఆగేదండీ. పరీక్షంటే అప్పుడే చెయ్యాలి."

కాలవ పక్క రోడ్డు మీద పడ్డారు. వరిచేల మీదుగా గాలి విసిరి కొడుతోంది. ఆరు కిలోమీటర్లు. ఎనిమిది. తొమ్మిది. బండి దగ్గలేదు. పది. పదకొండు. భుజాల మీద పట్టు కొంచెం సడలింది.

"రోజూ ఇంత గాలి వస్తుందటే నీకు?"

"వస్తుందండీ." నవ్వొచ్చింది ఆమెకు. "ఇరవై నిమిషాలు అయిపోయిందండీ అత్తయ్యగారూ. వెనక్కి తిప్పనా?"

"తిప్పు. మెల్లిగా పోనీ. నీతో ఒక మాట చెప్పాలి." చెవి దగ్గరగా వంగింది. "బండి అమ్మమన్నది మీ మావయ్యగారు కాదే."

గీతాంజలి ఎదుటి రోడ్డే చూస్తోంది.

"శ్రీనాథ్. మంగళవారం నువ్వు తడిసి ముద్దై వచ్చావు చూడు, ఆ రోజు మెతుకు ముట్టలేదు వాడు. 'నేను వద్దంటే దాని మనసు విరిగిపోతుంది, నాన్నచేత చెప్పించమ్మా' అన్నాడు. నేనే వెళ్ళి ఆయనకి చెప్పాను. నీకు అడ్డం వచ్చింది ఎవరో తెలియకుండా నువ్వు మీ మావయ్యగారితో పోట్లాడుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు బాగోలేదు."

"నాతో నీ ఇష్టమన్నారండీ ఆయన."

"అంటాడు. మీ మావయ్యగారూ అంతే, నాతో ఏదీ వద్దనరు. వేరేవాళ్ళ నోటితో అనిపిస్తారు."

బండి సాఫీగా పోతోంది. అడగాల్సిన మనిషి వెనక సీటు మీద లేడు. రాత్రికి ఏలూరు నుంచి వస్తాడు. అప్పుడు అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మాటలు కూర్చుకుంటూనే కొట్టున్న వీధిలోకి తిప్పింది.

రాత్రిదాకా ఆగనక్కర్లేకపోయింది. శ్రీనాథ్ కొట్టు ముందే ఉన్నాడు. వంగి, బల్ల మీద ఏదో రాస్తున్నాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా వెంకట్రాజు రెండు అంచులూ పట్టుకున్నాడు. మామగారి జాడ లేదు. దగ్గరికి వెళ్ళేసరికి ఆ కాగితమేమిటో ఆమెకు తెలిసింది. బండి ఇప్పటికీ శ్రీనాథ్ పేరు మీదే ఉంది. చేతులు మారాలంటే కావలసింది ఆ ఒక్క సంతకమే.

ఇంజను చప్పుడుకి అతను తలెత్తాడు. వెనక సీటు మీద తల్లిని చూసి కలం గాల్లోనే ఆగింది. కాగితం మీద మొదటి అక్షరం అప్పటికే పడింది.

గీతాంజలి భుజం మీద అత్తగారి చెయ్యి గట్టిగా నొక్కింది. ఏవండీ అనబోయి, ఆమె ఆ మాట మింగేసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి, వీధిలో అందరూ వింటుండగా, భర్తని పేరు పెట్టి పిలిచింది.

"శ్రీనాథ్! ఆ కలం కింద పెట్టి, ముందు నాతో మాట్లాడండి."